గేర్ రాడ్డు పీ లో ఇరుక్కుంటే లాగకండి, ముందు ఇవి చూడండి

ఆటోమేటిక్ కారు గేర్ రాడ్డు పీ లో నుంచి, అంటే పార్కింగ్ స్థానం నుంచి, రావట్లేదంటే గేర్‌బాక్సు పోయిందని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఫోన్ చేసేవాళ్లందరి టెన్షన్ మొదట అదే. "ఎన్ని లక్షలవుద్దన్నా?" అని గొంతు వణుకుతూ అడుగుతారు. చాలాసార్లు చివరికి తేలేది ఒక ఫ్యూజో, బ్రేక్ పెడల్ దగ్గర చిన్న స్విచ్చో, డౌన్ అయిన బ్యాటరీనో. ఒక్కోసారి అది కూడా కాదు, బండి ఏటవాలులో నిలబడి ఉంటుంది, అంతే.

నాది నెల్లూరు ఆటోనగర్లో ఆటో ఎలక్ట్రికల్ పని. గేర్ రాడ్డు సంగతి ఎలక్ట్రీషియన్ దగ్గరికి ఎందుకొస్తుందని అడుగుతుంటారు. ఆ రాడ్డుని పీ లో పట్టి ఉంచే తాళం కరెంటుతో నడుస్తుంది కాబట్టి.

ముందు మీ కారులో పీ అనేది ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర చాలామంది ఆటోమేటిక్ అని కొన్న బళ్లు ఏఎంటీలు, అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్, గేరు పని బండే చేసుకునేలా అమర్చినవి. వాటిలో చాలావాటికి ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డీ (డ్రైవ్), మాన్యువల్ మాత్రమే ఉంటాయి, పీ ఉండదు. వాటిని గేర్లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేసి ఆపుతారు. వాటి కథ వేరు. ఇక్కడ చెప్పేది పీ ఉన్న మామూలు ఆటోమేటిక్ బళ్లు, ఆటోమేటిక్‌లోనే వేరే రకాలైన సీవీటీ, డీసీటీ బళ్ల గురించి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం పోతుంది. రాడ్డు పీ లో పెట్టగానే గేర్‌బాక్సు లోపల ఒక చిన్న ఇనప కొక్కెం పళ్లచక్రం సందులో పడుతుంది. ఆ చక్రం కారు చక్రాలకు కలిసి ఉంటుంది కాబట్టి బండి కదలదు. దీన్ని పార్కింగ్ పాల్ అంటారు. ఇది ఒకటి. రెండోది గేర్ రాడ్డు కింద ఉండే తాళం, షిఫ్ట్ లాక్ సొలినాయిడ్. తాళంచెవి ఆన్‌లో ఉండి, మీరు బ్రేక్ తొక్కితేనే దానికి కరెంటు అంది రాడ్డు వదులుతుంది. పిల్లలు ముందు సీట్లో ఆడుకుంటూ రాడ్డు లాగినా బండి కదలకూడదని పెట్టిన ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటు. మీ రాడ్డుని పట్టుకున్నది బండి బరువు పడ్డ కొక్కెమా, కరెంటు అందని తాళమా అన్నది తేల్చుకోవాలి. అది తేలకుండా బలం వాడితే విరిగేది రాడ్డు అడుగున ఉన్న ప్లాస్టిక్ ముక్కో, కేబుల్ కొసో. అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

తేల్చుకోవడానికి పాదం దగ్గర మొదలుపెట్టండి. తాళంచెవి పూర్తిగా ఆన్‌లో ఉందా, లేక ఒక మెట్టు ముందే ఆగిందా చూడండి. పాట వినిపిస్తోంది కదా అని ఆన్‌లో ఉన్నట్టు కాదు. బటన్ స్టార్ట్ బండైతే బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్ట్ కాదు, డాష్‌బోర్డు లైట్లు మాత్రమే వెలుగుతాయి. ఇంజిన్ ఆపేశాక రెండుమూడు సార్లు బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, కిందికి దిగదు. అది ఫాల్టు కాదు, బ్రేక్ తేలిగ్గా దిగేలా సాయపడే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయింది. అలాంటప్పుడు మామూలుకన్నా గట్టిగా తొక్కాలి. ఆ తర్వాత వంగి పెడల్ కింద చేయి పెట్టి చూడండి. నీళ్ల బాటిల్ దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కోవడం, ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసినందువల్ల పెడల్ సరిగా దిగకపోవడం నేను చూశాను. ఇది గేర్ రాడ్డు విషయమే కాదు. అదే బాటిల్ హైవే మీద వంద స్పీడులో పెడల్ కిందికి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. డ్రైవర్ కాళ్ల దగ్గర ఏ వస్తువూ ఉండకూడదు.

పాదం దగ్గర అంతా బాగుంటే, మీరు బ్రేక్ తొక్కి, వెనకాల ఒకరిని నిలబెట్టి బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా అడగండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. దీనికి పానా, స్క్రూడ్రైవర్ ఏమీ అక్కర్లేదు. ఒక్కరే ఉంటే ఫోన్‌ని వీడియోలో పెట్టి బండి వెనక ఏ రాయికో ఆనించి రండి. రాత్రయితే వెనక గోడ మీద ఎరుపు పడుతుందో లేదో అద్దంలోనే కనిపిస్తుంది. ఒక్క బల్బు వెలక్కపోతే ఆ బల్బు పోయింది, గేర్ రాడ్డుకి దానితో సంబంధం లేదు. రెండు పక్కలా, పైన మధ్యలో ఉండేది కూడా, మొత్తం మూడూ వెలక్కపోతేనే మనకి లెక్క. అదే సమయంలో చెవి గేర్ రాడ్డు దగ్గర పెట్టండి. రేడియో, ఏసీ ఆపేసి బ్రేక్ తొక్కితే రాడ్డు కింద టక్ మని చిన్న చప్పుడు వస్తుంది. అది తాళం తెరుచుకున్న చప్పుడు.

లైట్లు వెలిగాయి, టక్ మంది, రాడ్డు మీది బటన్ కూడా లోపలికి నొక్కుకుంటోంది, అయినా రాడ్డు బరువుగా బిగుసుకుని ఉందంటే తాళం తప్పు లేదు. కొక్కెం మీద బండి బరువు పడింది. తలుపుకి అవతలి నుంచి మనిషి ఆనుకుని ఉంటే గడియ తీయడానికి రాదు చూడండి, అదే ఇది. తలుపు కొంచెం ఇటు నెడితే గడియ దానంతటదే వస్తుంది.

ఇది ఎక్కువగా కొండ గుళ్ల దగ్గర జరుగుతుంది. నరసింహకొండ మీద ఒక పెద్దాయన బండి ముక్కు కిందికి పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా పీ లో పెట్టి దర్శనానికి వెళ్లాడు. తిరిగొచ్చాక రాడ్డు రాలేదు. నేను వెళ్లేసరికి రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కాలు డాష్‌బోర్డుకి తన్నిపెట్టి లాగుతున్నాడు.

"ఆగండి పెద్దాయనా, అది విరిగిద్ది."

"అబ్బయ్యా, లోపల ఏదో పట్టేసింది. నా వల్ల కావట్లా."

"ఏం పట్టలా. బండి మొత్తం ముందుకి వాలి దాని మీద కూర్చుంది. మీరు సీట్లోనే ఉండండి, నేను చెప్పినప్పుడు మాత్రం బ్రేక్ తొక్కండి."

అక్కడ చేసిన పని వరసగా చెప్తాను, ఎందుకంటే ఇందులో వరస తప్పితే మనుషులకి దెబ్బలు తగులుతాయి. మొదట పల్లం వైపు, అంటే బండి ఎటు జారాలని చూస్తోందో ఆ వైపు, రెండు చక్రాలకీ పెద్ద రాళ్లు ఆనించి పెట్టాం. గుండ్రాళ్లు కాదు, పలకగా ఉండి చక్రం ఎక్కిపోలేనివి. డ్రైవర్ సీట్లో మనిషి తప్పకుండా ఉండాలి, ఇంజిన్ స్టార్ట్ అయి ఉండాలి, పాదం బ్రేక్ మీద తొక్కకుండా సిద్ధంగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ దించి ఉండాలి, లేకపోతే బండి ఎంత నెట్టినా కదలదు. తర్వాత బండిని మెరక వైపుకి నెట్టాలి. నెట్టేవాళ్లు బండికి ఎదురుగా మధ్యలో నిలబడకూడదు. రెండు పక్కలా తలుపు స్తంభాల దగ్గర, మూలల దగ్గర ఉండి నెట్టాలి. నెట్టాల్సింది జానెడు కూడా కాదు, రెండు వేళ్ల దూరం చాలు. బండి వెనక్కి కదిలిన క్షణంలో డ్రైవర్ బ్రేక్ పూర్తిగా తొక్కి అక్కడే పట్టుకోవాలి. వెంటనే రాళ్లు మళ్లీ చక్రానికి దగ్గరగా జరపాలి. అందరూ పక్కకి తప్పుకున్నాక, బ్రేక్ మీది పాదం తీయకుండా, రాడ్డు లాగాలి.

పెద్దాయన రెండు వేళ్లతో లాగితే వచ్చింది. లోపల ఠంగ్ మని చప్పుడొచ్చింది, దానికి భయపడనక్కర్లేదు. ఆయన చేతులు మాత్రం చాలాసేపు వణికాయి.

మనుషులు లేకపోయినా, వాలు మరీ ఎక్కువగా ఉన్నా నెట్టే ఆలోచన మానుకోండి. మెరక వైపున ఇంకో బండి పెట్టి, టోయింగ్ హుక్కుకి తాడు కట్టి మెల్లగా బిగించినా బరువు తగ్గుతుంది. గుంజకూడదు, తాడు బిగిస్తే చాలు. ఆక్వా రైతులకి ఒక మాట. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కట్టల మీద బండి ఏటవాలుగా పెట్టి పీ లో వదిలేస్తుంటారు. అలాంటి చోట రాడ్డు ఇరుక్కుంటే, అది వదిలిన మరుక్షణం బండి నీళ్ల వైపు పోతుంది. అక్కడ రాళ్లు పెట్టకుండా, సీట్లో మనిషి లేకుండా ఎవరూ చేయి వేయొద్దు.

ఇప్పుడు కరెంటు సంగతి. బ్రేక్ తొక్కితే మూడు లైట్లూ వెలగలేదు, టక్ మనలేదు, రాడ్డు మీది బటన్ కూడా నొక్కుకోవట్లేదు. కానీ హెడ్‌లైట్లు, హారన్ బాగానే ఉన్నాయి. అంటే బ్యాటరీ బాగుంది, బ్రేక్ తొక్కారన్న కబురే బండికి అందట్లేదు. ఫ్యూజు నుంచి మొదలుపెట్టండి. ఫ్యూజు డబ్బా ఒకటి బానెట్ కింద, ఇంకొకటి డ్రైవర్ మోకాళ్ల దగ్గర డాష్‌బోర్డు అడుగున ఉంటుంది. మూత లోపలి వైపు బొమ్మ ఉంటుంది, అందులో స్టాప్ అని రాసినది మనకి కావాల్సింది. తాళంచెవి తీసేసి, ఫ్యూజు బయటికి లాగి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. లోపలి సన్నటి తీగ తెగి ఉంటే తెలిసిపోతుంది. అదే రంగుది, అదే నెంబరుది వేయండి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు. దగ్గర లేదని 10 ఉన్నచోట 20 వేయడం, సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టడం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, వైరు కాలితే బండి కాలుతుంది.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. నేను మొదట చూసేది డిక్కీ వైపు, బయట కొని తగిలించిన ఫ్యాన్సీ బ్రేక్ లైట్ల వైరు. తర్వాత ఎలుకలు. వరి కోతలయ్యాక ఊళ్లలో వారం రోజులు కదపకుండా పెట్టిన బండి అయితే బానెట్ కింద గడ్డి పోచలు, కొరికిన వైరు రెండూ దొరుకుతాయి.

ఫ్యూజు బాగుంటే అనుమానం బ్రేక్ లైట్ స్విచ్ మీద. పెడల్ కాడ పైభాగంలో, వంగి టార్చి వేస్తే కనిపిస్తుంది. చిన్న పుల్ల లాంటిది బయటికి పొడుచుకుని ఉంటుంది. పెడల్ మామూలుగా పైన ఉన్నప్పుడు ఆ పుల్ల నొక్కుకుని ఉంటుంది, బ్రేక్ తొక్కితే పుల్ల బయటికి వచ్చి లైట్లు వెలుగుతాయి. స్విచ్ కనెక్టర్ ఒకసారి ఊడదీసి మళ్లీ గట్టిగా గుచ్చండి. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉండేవాళ్ల బళ్లలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి, ఒక్కోసారి అంతటితోనే పని అయిపోతుంది. కాకపోతే స్విచ్ మార్చాల్సిందే. పెద్ద ఖరీదేమీ కాదు, మార్చడానికి పెద్ద సమయమూ పట్టదు.

ఇక్కడే జనం కనిపెట్టలేని ఇంకో సంగతి ఉంది. ఆ పుల్లకి ఎదురుగా, పెడల్ కాడకి ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండలకి అది పెళుసుబారి, ఒకరోజు పొడై మ్యాట్ మీద రాలిపోతుంది. బిళ్ల ఉన్నచోట చిల్లు పడుతుంది, స్విచ్ పుల్ల ఆ చిల్లులోకి పోతుంది. అప్పుడు బండికి మీరు ఎప్పుడూ బ్రేక్ తొక్కినట్టే అనిపిస్తుంది. బండి ఆపి ఇంట్లో పడుకున్నా బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, రాడ్డు పీ లో ఖైదు. వాళ్లు కొత్త బ్యాటరీ కొంటారు, రెండు రోజులకి అదీ డౌన్ అవుతుంది. మీ మ్యాట్ మీద పెంకుల్లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే ఊడ్చి పారేయకండి, తెచ్చి మెకానిక్‌కి చూపించండి. కొత్త బిళ్ల దొరికేదాకా ఆ చిల్లులో సరిపోయే బోల్టు, నట్టు బిగించి నడపొచ్చు.

డాష్‌బోర్డు లైట్లు మసకగా ఉండి, సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోతుంటే తేల్చేదేమీ లేదు, బ్యాటరీనే. జంపర్ కేబుల్ పెట్టండి. ఎర్రది ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, ఆ బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనప భాగానికి. బ్యాటరీ మీద నిప్పురవ్వ పడకుండా ఉండటానికి అలా. రాడ్డుకి బదులు గుండ్రటి నాబ్‌తో, బటన్‌తో గేరు మార్చే కొత్త బళ్లకి, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్నవాటికి కూడా ముందు ఈ దారే.

లైట్లు వెలుగుతున్నాయి కానీ రాడ్డు దగ్గర టక్ అనే చప్పుడు లేదు, బటన్ నొక్కుకోవట్లేదు. అప్పుడు సొలినాయిడో దాని వైరో. రాడ్డు కన్సోల్ సందుల్లోకి చిల్లర, కూల్‌డ్రింకు, మలైకాజా డబ్బాలోంచి కారిన పాకం పోయి బిగుసుకున్న బళ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి. అది విప్పి కడగాల్సిన పని, రోడ్డు మీద అవ్వదు. ఇంటికో షాపుకో చేరడానికి కంపెనీవాళ్లే ఒక దొంగదారి పెట్టారు. రాడ్డు పక్కన చిన్న చదరపు మూత ఉంటుంది, దాని మీదో పక్కనో షిఫ్ట్ లాక్ అని ఉండొచ్చు. కొన్నింటిలో అది రబ్బరు మ్యాట్ కిందో, రాడ్డు చుట్టూ ఉండే తోలు సంచి లోపలో ఉంటుంది. గ్లోవ్ బాక్సులోని పుస్తకంలో మీ బండికి ఎక్కడుందో, తాళంచెవి ఏ స్థానంలో ఉండాలో రాసి ఉంటుంది, అది ఒక్కసారి చూడండి.

మూత తీసేముందు చక్రాలకి రాళ్లు, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా పైకి. ఇది సమతలం మీద కూడా. ఎందుకంటే మీరు తీస్తున్నది బండిని పట్టుకుని ఉన్న తాళాన్నే. చదును స్క్రూడ్రైవర్ కొసకి గుడ్డ చుట్టి మూత పైకి లేపండి. బ్రేక్ తొక్కి పట్టుకుని, ఆ సందులో స్క్రూడ్రైవర్ గానీ తాళంచెవి గానీ నిలువుగా దించి కిందికి నొక్కండి. అలా నొక్కి ఉంచి, రెండో చేత్తో రాడ్డు బటన్ నొక్కి ఎన్ లోకి లాగండి. తర్వాత ఎన్ లోనే ఉంచి, బ్రేక్ తొక్కి స్టార్ట్ చేయొచ్చు. షాపు చేరేదాకా మళ్లీ పీ లో పెట్టకండి. మధ్యలో ఆగాల్సి వస్తే ఎన్ లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేసి, సీట్లోనే కూర్చోండి.

బ్రేక్ లైట్లు వెలగని బండిని మాత్రం ఇలా విడిపించుకుని రాత్రిపూట ఎన్‌హెచ్ 16 ఎక్కకండి, దయచేసి. వెనకాల వచ్చే లారీ డ్రైవర్‌కి మీరు బ్రేక్ వేశారని తెలిసే దారి ఆ లైట్లే. పగలైనా పక్క రోడ్డులో మెల్లగా, దగ్గర్లో ఉన్న షాపు దాకా మాత్రమే. హైవే మీదే ఆగిపోతే 1033 కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్. టోయింగ్ బండి వస్తే మీది ఆటోమేటిక్ అని, పీ లో ఉందని ముందే చెప్పండి. మన కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. పీ లో ఉంటే ముందు చక్రాలు తిరగవు. తాడు కట్టి ఈడ్చుకుపోతే టైర్లు అరగడమే కాదు, నిజంగానే గేర్‌బాక్సు పోతుంది. పూర్తిగా బల్ల మీదికి ఎక్కించే బండి అడగండి.

వాలులో బండి ఆపే వరస ఒకటి ఇంట్లో అందరికీ నేర్పించండి. బ్రేక్ తొక్కి ఆపాలి. రాడ్డు ఎన్ లో పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వేయాలి. అప్పుడు పాదం మెల్లగా తీస్తే బండి కొంచెం కదిలి హ్యాండ్ బ్రేక్ మీద సర్దుకుంటుంది. మళ్లీ బ్రేక్ తొక్కి పీ లో పెట్టి ఇంజిన్ ఆపాలి. బయల్దేరేటప్పుడు స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి, రాడ్డు పీ లో నుంచి తీశాకే హ్యాండ్ బ్రేక్ దించాలి. పెంచలకోన అయినా, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు అయినా ఇదే వరస.

ఇవన్నీ చూసినా రాకపోతే మీ మెకానిక్‌కి ఫోన్ చేసి "రాడ్డు రావట్లేదు" అని ఊరుకోకుండా నాలుగు సంగతులు చెప్పండి. బండి సమతలంలో ఉందా, ఏటవాలులోనా. ఇంజిన్ స్టార్ట్ అవుతుందా. బ్రేక్ తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయా. రాడ్డు దగ్గర టక్ మంటోందా. ఆ నాలుగు చెప్తే నేనైతే ఏ స్విచ్, ఏ ఫ్యూజు తీసుకుని బయల్దేరాలో ఇక్కడే తెలుసుకుని వస్తాను, ఆటోనగర్‌కీ మీకూ మధ్య రెండుసార్లు తిరగక్కర్లేదు.